గత దశాబ్దాల ఆల్బమ్‌లు, సింగిళ్లు: మీ చెవి ఎక్కడ నిలిచిపోయింది?

రెండోవైపు:

అందరికీ నమస్కారం. ఇష్టమైన ఆల్బమ్‌ల పేర్లు వరుసగా రాసుకుంటూ పోయే చర్చలు ఇంతకుముందు చాలా చూశాం. వాటిలో పేర్లు పోగయ్యాయి గాని, ఆ పాట ఎదుటివారికి ఎందుకంత దగ్గరైందో నాకు ఎన్నడూ తెలియలేదు. అందుకే ఈసారి ఒక చిన్న నియమం పెడుతున్నాను. 1950ల నుంచి 1990ల దాకా ఏ దశాబ్దంలోనిదైనా ఒక ఆల్బమ్‌నో, ఒక సింగిల్‌నో ఎంచుకోండి. దానిలో మీ చెవి ఎక్కడ నిలిచిపోయిందో, ఆ చోటికి ముందు ఏం వినిపించిందో, తరువాత ఏం వచ్చిందో కూడా రాయండి. పాట మీద ఇష్టం చాలాసార్లు దాని ఇరుగుపొరుగుల నుంచే పుడుతుందని నా నమ్మకం.

ఆల్బమ్, సింగిల్ అని మనం చెప్పుకునే తేడా రికార్డు పళ్లెం పరిమాణం నుంచే వచ్చింది. 1948లో కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 12 అంగుళాల ఎల్పీని (లాంగ్ ప్లే రికార్డును) తెచ్చింది. మరుసటి ఏడాది ఆర్‌సీఏ విక్టర్ సంస్థ 45 చుట్లు తిరిగే 7 అంగుళాల చిన్న రికార్డును తెచ్చింది. ఎల్పీలో ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టేది. చిన్న రికార్డులో ఒక్కో వైపు ఒక్క పాటే.

మొదట నా వంతు. పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో విడుదల చేసిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' నాకు క్యాసెట్టు రూపంలో పరిచయమైంది. మొదటి వైపు చివర క్లేర్ టోరీ అనే గాయని ఒక్క మాట కూడా పలకకుండా, కేవలం గొంతుతో సాగించే ఆలాపన ఉంటుంది. అది ఏడుపు స్థాయికి చేరి, అక్కడి నుంచి మెల్లగా దిగి, పియానో పక్కన చల్లారిపోతుంది. అప్పుడు మీట టక్కున పైకి లేచేది. నేను క్యాసెట్టు తీసి, తిప్పి, మళ్లీ పెట్టేవాణ్ణి. ఆ ఐదారు క్షణాలూ గదిలో చప్పుడు ఉండేది కాదు. తరువాత రెండో వైపు నాణేలు రాలుతున్న మోతతో, చింపుతున్న కాగితంతో, గల్లాపెట్టె గంటతో మొదలయ్యేది. ఏళ్ల తరువాత అదే ఆల్బమ్‌ను సీడీలో విన్నాను. ఆ గొంతు ఆరీ ఆరకముందే నాణేల మోత వచ్చి మీద పడింది. పాటల వరుస మారలేదు, స్వరాలు మారలేదు, అయినా నాకు తెలిసిన ఆల్బమ్ అది కాదనిపించింది. నా చేత్తో క్యాసెట్టు తిప్పిన ఆ కాస్త నిశ్శబ్దం కూడా ఆల్బమ్‌లో భాగమేనని ఆ రోజు తెలిసింది.

ఇక మీరు చెప్పండి.

ఖండచాపు:

రెండోవైపు గారూ, మీరు చెప్పిన ఆ గల్లాపెట్టె మోతను ఈసారి వేళ్లతో లెక్కపెట్టి చూడండి. వేర్వేరు చప్పుళ్లున్న టేపు ముక్కలను కొలిచి అతికించి, చుట్టలా తిప్పి చేసిన ఆ వరుసకు ఏడు దెబ్బలుంటాయి. మన ఏడు దెబ్బల తాళం మిశ్రచాపుకు అలవాటుపడిన చెవికి అది వెంటనే దొరికిపోతుంది.

నా ఎంపిక 1959 నాటి 'టైమ్ ఔట్'. డేవ్ బ్రూబెక్ చతుష్టయం చేసిన జాజ్ ఆల్బమ్ ఇది. అప్పటి జాజ్ చాలావరకు నాలుగు దెబ్బల నడకలో సాగుతుండగా, వీరు ఆల్బమ్‌నంతటినీ అలవాటులేని లెక్కల మీద కట్టారు. మొదటి రచనలో తొమ్మిదిని మూడు మూళ్లుగా కాకుండా 2, 2, 2, 3గా విడగొట్టారు. అందరికీ తెలిసిన 'టేక్ ఫైవ్' మాత్రం బ్రూబెక్ రచన కాదు, శాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్ రచన. అందులోని ఐదు దెబ్బలు 3, 2గా నడుస్తాయి. మన ఖండచాపు 2, 3గా నడుస్తుంది కాబట్టి, మొదటిసారి విన్నప్పుడు నా చెయ్యి తాళాన్ని తప్పు చోట పట్టుకుంది. ఎక్కడో తిరగేసిన ఖండచాపులా ఉందని గ్రహించడానికి నాకు మూడు నాలుగు ఆవర్తాలు పట్టింది.

నేను నిలిచిపోయిన చోటు పాట మధ్యలో వచ్చే జో మొరెల్లో డ్రమ్స్ వాదన. అసలు ఈ రచన ఆయన వాదనకు ఆధారంగా ఉండాలన్న ఉద్దేశంతోనే పుట్టింది. ఆయన లెక్కలోంచి బయటికి వెళ్లినట్టు, మధ్యలో మౌనంగా ఉండిపోయినట్టు వాయిస్తుంటే, పియానో మాత్రం ఆ రెండు చిన్న ముక్కలనే అలుపులేకుండా తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటుంది. తని ఆవర్తనంలో, అంటే కచేరీలో తాళవాద్యానికే విడిచిపెట్టే భాగంలో, మృదంగం ఎంత దూరం పోయినా పక్కనే కూర్చుని తాళం విడవకుండా వేసే మనిషి గుర్తుకొస్తాడు. పియానో మీదే దృష్టి పెట్టి ఒకసారి ఆ భాగం వినండి. డ్రమ్స్ ఎంత సాహసం చేస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఇదే పాట కుదించిన సింగిల్‌గా కూడా వచ్చింది, 1961లో విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ వాదన భాగం కుదించి వింటే రుచి సగమే దక్కుతుందని నా అభిప్రాయం.

'టైమ్ ఔట్' రికార్డయిన 1959లోనే, అదే స్టూడియోలో జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డయింది. న్యూయార్క్ 30వ వీధిలో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కట్టడం అది. పైకప్పు ఎత్తు వల్ల వచ్చిన ఆ గాలి రెండు ఆల్బమ్‌లలోనూ వినబడుతుంది. మార్చి 2న మొదటి విడత రికార్డు చేసినప్పుడు టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. దానివల్ల, మామూలు వేగంతో వినిపించినప్పుడు మొదటి వైపున్న మూడు రచనలూ దశాబ్దాల పాటు ఉండవలసిన శ్రుతి కంటే కాస్త పైన వినిపించాయి. 1990ల్లో తిరిగి విడుదల చేసినప్పుడు గాని అది సరికాలేదు. పాత ముద్రణతో శ్రుతి కలుపుకుని వాయిస్తూ నేర్చుకున్నవారికి ఆ తేడా వేళ్ల దగ్గరే తగిలి ఉంటుంది.

మూడునిమిషాలు:

చర్చ ఆల్బమ్‌ల వైపే ఒరుగుతోంది కాబట్టి సింగిల్ తరఫున నేను మాట్లాడతాను. 78 చుట్ల పాత రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. ఆ హద్దులో పుట్టిన పాటకు సర్దుకోవడానికి సమయం ఉండదు. మొదటి రెండు క్షణాల్లోనే తానేమిటో చెప్పేయాలి. అది లోపమని నేను అనుకోను. సీసపద్యం బాగుంటుంది, ఆటవెలది కూడా బాగుంటుంది. ఆటవెలదిని చూసి ఇది ఎందుకింత చిన్నదని ఎవరూ అడగరు.

ఇరుగుపొరుగు లేకుండానే పూర్తిగా నిలబడిన సింగిల్‌కు ఉదాహరణగా 1963లో ద రోనెట్స్ పాడిన 'బీ మై బేబీ' చెబుతాను. ఆ పాట మొదట డ్రమ్ మాత్రమే ఉంటుంది. మూడు మెత్తని దెబ్బలు, ఒక గట్టి దెబ్బ, అంతే. గొంతు ఇంకా రాలేదు, ఆ గదంతా ఎంత పెద్దదో మాత్రం తెలిసిపోతుంది.

రెండోది 1967 ఫిబ్రవరిలో బీటిల్స్ విడుదల చేసిన సింగిల్. ఒక వైపు 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్', మరో వైపు 'పెన్నీ లేన్'. రెండూ తమ బాల్యం గడిచిన లివర్‌పూల్ పరిసరాలను తలుచుకుని రాసిన పాటలు, రెండూ ప్రధాన వైపులే. మొదటి పాటకు రెండు వేర్వేరు రూపాలు రికార్డయ్యాయి. ఒకటి కొద్దిమంది వాద్యకారులతో తేలికగా, మరొకటి బాకాలు, చెల్లోలతో బరువుగా. వాటి శ్రుతి వేరు, వేగం వేరు. జాన్ లెనన్‌కు ఒకదాని మొదలు, మరొకదాని చివర నచ్చాయి. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఒక టేపు వేగం పెంచి, మరోదాని వేగం తగ్గించి, రెండూ ఒకే శ్రుతికి వచ్చేలా చేసి, నిమిషం దగ్గర అతికించారు. ఆ అతుకు తెలిసిన తరువాత వినండి. నేల కాస్త కుంగినట్టు గొంతు బరువెక్కుతుంది. ఆ కుంగుబాటే ఆ పాటకు కలలాంటి గుణం ఇచ్చింది.

ఈ రెండు పాటలూ అదే ఏడాది వచ్చిన 'సార్జంట్ పెప్పర్' ఆల్బమ్‌లో లేవు. సింగిల్‌గా వచ్చినదాన్ని ఎల్పీలో మళ్లీ పెట్టి అమ్మకూడదన్న అప్పటి బ్రిటిష్ పద్ధతి ప్రకారం వాటిని తీసేశారు. ఆల్బమ్ బయట ఉండిపోయినందుకు వాటికి వచ్చిన నష్టమేమీ లేదు.

రెండోవైపు:

మూడునిమిషాలు గారూ, ఆటవెలది పోలికను ఒప్పుకుంటున్నాను. అయితే ఆ చిన్న రికార్డుకు కూడా రెండు వైపులున్నాయి గదా. ఒక పాట విన్నాక తిప్పి రెండోది వింటే, ఒకే ఊరిని ఇద్దరు స్నేహితులు ఎంత వేర్వేరుగా గుర్తుపెట్టుకున్నారో తెలుస్తుంది. ఒకరికి అది మబ్బుపట్టిన తోట, మరొకరికి ఎండపొడ పడిన వీధి. అదీ ఇరుగుపొరుగే.

వెన్నెలగీతం:

నాకు 1970ల నుంచి ఒకటి, 1980ల నుంచి ఒకటి చెప్పాలని ఉంది.

మొదటిది మార్విన్ గే 1971 ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్'. వియత్నాం యుద్ధం నుంచి ఇంటికి తిరిగివచ్చిన ఒక సైనికుడి కళ్లతో దేశాన్ని చూసే పాటలివి. ఆయన తమ్ముడు ఫ్రాంకీ ఆ యుద్ధంలో పనిచేసి వచ్చి చెప్పిన సంగతులు వాటి వెనుక ఉన్నాయి. శీర్షిక పాటను సింగిల్‌గా విడుదల చేయడానికి మోటౌన్ రికార్డు సంస్థ అధిపతి బెరీ గోర్డీ మొదట ఇష్టపడలేదు. ఆ ఏడాది జనవరిలో అది బయటికి వచ్చి విజయం సాధించాకే ఆల్బమ్‌కు దారి ఏర్పడింది. ఇంతకాలం మోటౌన్ పాటలకు ప్రాణం పోసిన వాద్యకారుల పేర్లు ఈ ఆల్బమ్ అట్ట మీద అచ్చయ్యాయి. ఆ పేర్లు చదువుతూ వినడం నాకు చాలా ఇష్టం.

నా చెవి నిలిచిపోయిన చోటు శీర్షిక పాటలో ఆయన గొంతు రెండుగా వినిపించే చోటు. ఒకే పాటను ఆయన రెండు రకాలుగా పాడి, ఏది బాగుందో పోల్చుకుందామనుకున్నారు. ఇంజనీరు పొరపాటున రెండింటినీ ఒకేసారి వినిపించారు. ఒక గొంతు మాట చెబుతుంటే, మరొక గొంతు ఆ మాట పక్కన నిలబడి దాన్నే ఓదారుస్తున్నట్టుంది. ఆయన దాన్ని అలాగే ఉంచేశారు. తరువాతి ఆల్బమ్‌లలో ఆయన ఆ పద్ధతిని ఎంతగా పెంచుకున్నారో విన్నవారికి తెలుసు.

పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేకపోవడం ఈ ఆల్బమ్ ప్రత్యేకత. ఒక పాట చివరి తీగ మీదే తరువాతి పాట కాలు పెడుతుంది. అందుకని దీన్ని ముక్కలుగా వినవద్దని నా విన్నపం.

రెండోది ట్రేసీ చాప్‌మన్ 1988 ఆల్బమ్, అందులోని 'ఫాస్ట్ కార్'. ఆ ఏడాది జూన్‌లో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు సందర్భంగా లండన్ వెంబ్లీ మైదానంలో పెద్ద కచేరీ జరిగింది. స్టీవీ వండర్ వాద్యానికి అవసరమైన డిస్కు కనబడకపోవడంతో, ఆయన వేదిక ఎక్కలేకపోయిన సమయంలో, అంతకుముందే తన వంతు పాడి దిగిన ఈ గాయనిని మళ్లీ పంపారు. ఒక్క గిటారుతో, పక్కవాద్యం ఏదీ లేకుండా ఆమె అంత జనం ముందు నిలబడ్డారు. ఆ పాటలో గిటారు తిప్పి తిప్పి వాయించే చిన్న వరుస ఎక్కడికీ పోదు, మళ్లీ మొదటికే వస్తుంది. కథలోని అమ్మాయి బతుకు కూడా అంతే. పల్లవి దగ్గర డ్రమ్స్ వచ్చి ఒక్కసారి కారు వేగం అందుకున్నట్టు అనిపిస్తుంది. అది ముగియగానే మళ్లీ అదే గిటారు వరుస. చరణం మొదలయ్యే ఆ చోట నాకు ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది.

గమకం:

ఇక్కడ ఇంగ్లిషు పాటలకే పరిమితం కానక్కరలేదనుకుంటాను. 1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' నా ఎంపిక. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు. కాశ్మీరు లోయలో ఒక పశువుల కాపరి ఒక రోజు ఎలా గడుపుతాడన్నది దీని ఊహ. తెల్లవారే అహిర్ భైరవ్‌తో మొదలై, పొద్దెక్కాక నట్ భైరవ్, ఆ తరువాత పీలూ, పొద్దువాలాక భూప్, రాత్రికి దేశ్, చివరికి పహాడీ. రాగాలకు వేళలున్న సంగీత సంప్రదాయంలో ఆల్బమ్ వరుస అంటే గడియారమే. యంత్రం తన ఇష్టం వచ్చిన వరుసలో పాటలు వినిపించే షఫుల్ పద్ధతిలో దీన్ని విన్నారనుకోండి, రాత్రి అయ్యాక తెల్లవారుజాము వస్తుంది, ఆ వెనుక సాయంకాలం వస్తుంది. రెండోవైపు గారి ఇరుగుపొరుగు వాదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

సంతూర్ గురించి ఒక మాట. దాని తీగలను సన్నని కర్ర సుత్తులతో కొడతారు. స్వరాన్ని సాగదీయడం, ఊపడం దాని స్వభావంలో లేదు. శాస్త్రీయ సంగీతానికి అది పనికిరాదన్న అభ్యంతరం అందుకే వచ్చింది. శివకుమార్ శర్మ సుత్తిని తీగ మీద వణికిస్తూ జార్చి, మీండ్ (ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం) ఉందన్న భ్రాంతి కలిగిస్తారు. అహిర్ భైరవ్‌లో వేణువు ఒక స్వరాన్ని నిజంగా సాగదీసిన వెంటనే, సంతూర్ అదే స్వరాన్ని చినుకుల్లా పలికించే చోటు వినండి. ఒకటి ఊపిరి, మరొకటి ఊపిరిని అనుకరిస్తున్న చినుకు.

1970ల నుంచి 'శక్తి' బృందాన్ని చెబుతాను. జాన్ మెక్లాగ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం. 1976లో వచ్చిన వారి తొలి ఆల్బమ్ కచేరీలో రికార్డయినది. మెక్లాగ్లిన్ గమకాల కోసం తన గిటారు మెట్ల మధ్య చెక్కను లోపలికి చెక్కించుకున్నారు. తీగను నొక్కడానికి, లాగడానికి అక్కడ చోటు దొరికింది. 1980ల నుంచి ఇళయరాజా 1986 ఆల్బమ్ 'హౌ టు నేమ్ ఇట్'. త్యాగరాజస్వామికీ, బాఖ్‌కూ కలిపి అంకితమిచ్చిన వాద్య సంగీతమది. దాని గురించి విడిగా ఒక చర్చ పెట్టవలసినంత ఉంది కాబట్టి ఇక్కడ పేరుతో ఆపుతున్నాను.

టేపుచుట్ట:

రెండోవైపు గారి క్యాసెట్టు మాట చదివి నేనూ రాస్తున్నాను. నా దగ్గరున్న పియానో వాద్యకారుడు కీత్ జారెట్ 'కోల్న్ కాన్సర్ట్' క్యాసెట్టు ఒకసారి యంత్రంలో చిక్కుకుంది. టేపు నలిగిపోయింది. పెన్సిలు దూర్చి చుట్టి సరిచేశాను గాని, ఒక చోట ముడతలు మిగిలాయి. ఆ చోట పియానో ఒక్క క్షణం నీళ్లలో మునిగి లేచినట్టు వినిపించేది. ఇప్పటికీ మంచి ప్రతి విన్నప్పుడు కూడా ఆ చోట మునగబోతున్న పియానో కోసం చెవి ఎదురుచూస్తుంది.

1975 జనవరి 24న జర్మనీలోని కోల్న్ నగరంలో, ఒపేరా భవనంలో జరిగిన కచేరీ అది. ఆయన కోరిన పియానోకు బదులు సాధనకు వాడే చిన్న పియానో వేదిక మీదికి వచ్చింది. పై స్వరాలు పలచగా, మంద్రస్వరాలు బలం లేకుండా ఉన్నాయి. కచేరీ రద్దు చేసుకుందామనుకున్న మనిషి రాత్రి పదకొండున్నర ప్రాంతంలో వాయించడానికి కూర్చున్నారు. పియానోలో బాగా పలికే మధ్యభాగాన్నే నమ్ముకుని, ఎడమచేత్తో ఒకే వరుసను బలంగా తిప్పి తిప్పి వాయిస్తూ, మంద్రంలో లేని బలాన్ని పునరుక్తితో తెచ్చారు. ముందుగా రాసుకున్నది ఏదీ లేదు. మొదటి స్వరాలు ఆ భవనంలో ప్రేక్షకులను లోపలికి పిలిచే గంట బాణీని పోలి ఉంటాయి. జాగ్రత్తగా వింటే, దాన్ని గుర్తుపట్టినవారి చిన్న నవ్వు కూడా వినపడుతుంది. రెండో భాగం ఎల్పీ వైపులో పట్టక విడగొట్టవలసి వచ్చింది. ఆ విరుపు దగ్గర తిప్పడం నాకు నచ్చదు. ఈ విషయంలో సీడీయే మేలు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1982లో వచ్చిన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'నెబ్రాస్కా'. బృందానికి పాటలు నేర్పడం కోసం నాలుగు ట్రాక్‌ల క్యాసెట్టు యంత్రం మీద ఇంట్లో ఒంటరిగా పాడుకున్న నమూనాలవి. తరువాత బృందంతో మళ్లీ రికార్డు చేసి చూశారు, ఆ పాటల్లోని ఒంటరితనం రాలేదు. చివరికి పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకుని తిరిగిన ఆ క్యాసెట్టునే ఆల్బమ్‌గా విడుదల చేశారు.

చెవిపని:

నేను ధ్వని ముద్రణ పనిలో ఉన్నవాడిని. ఎల్పీలో పాటల వరుస వెనుక భౌతికమైన కారణం ఒకటి ఉంది, అది ఇక్కడ చెప్పడం అవసరమనుకుంటున్నాను. పళ్లెం తిరిగే వేగం మారదు గాని, ముల్లు లోపలికి జరిగే కొద్దీ ఒక చుట్టులో అది ప్రయాణించే దూరం తగ్గుతుంది. 12 అంగుళాల రికార్డు అంచున గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు సాగితే, మధ్య కాగితం దగ్గరికి వచ్చేసరికి అది 20 సెంటీమీటర్లకు దిగుతుంది. అంటే ఒక సెకను సంగీతాన్ని సగానికంటే తక్కువ చోటులో ఇరికించాలి. పై స్వరాల స్పష్టత అక్కడ తగ్గుతుంది, గట్టి శబ్దం చెదురుతుంది. అందుకని ఒక్కో వైపు ఉరుకు పాటతో మొదలై నెమ్మది పాటతో ముగిసేలా కూర్చడం అలవాటైంది. ఆల్బమ్ వైపు చివర మనకు వినిపించే ఆ శాంతంలో సగం కళాకారుడిదైతే, సగం గాడిది.

మంద్రస్వరాలకు వెడల్పైన గాడి కావాలి. నిడివి పెరిగితే గాడులు దగ్గరవుతాయి, శబ్దం తగ్గించుకోవాలి. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' 1982లో దాదాపు సిద్ధమయ్యాక, వైపులు మరీ పొడవై శబ్దం పలచబడిందని తేలింది. నిర్మాత క్విన్సీ జోన్స్ పాటలను కుదించి, మళ్లీ మిక్సింగ్ చేయించారు. 'బిల్లీ జీన్' మొదట్లో గొంతు వచ్చేదాకా ఉన్న సంగీతం మరీ ఎక్కువైందని ఆయన అంటే, గాయకుడు మాత్రం దాన్ని వదలడానికి ఒప్పుకోలేదు. ఆ అర నిమిషంలో డ్రమ్ ఒంటరిగా వస్తుంది, దాని మీద బాస్ గిటారు నడక కలుస్తుంది, ఆ తరువాత సింథసైజర్ అడుగు వేస్తుంది. ఒక్కొక్కరే గదిలోకి వచ్చి తమ చోట నిలబడుతున్నట్టుంటుంది. తొమ్మిది పాటల ఆ ఆల్బమ్ నుంచి ఏడు సింగిళ్లు వచ్చాయి, ఏడూ అమెరికా పట్టికలో మొదటి పదిలో నిలిచాయి. ఆల్బమ్ పక్షానికీ, సింగిల్ పక్షానికీ రాజీ కుదిర్చే ఆల్బమ్ ఏదైనా ఉంటే అదే.

1985లో డైర్ స్ట్రెయిట్స్ 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' వచ్చేసరికి లెక్క మారిపోయింది. సీడీ రూపంలో పది లక్షల ప్రతులు అమ్ముడుపోయిన మొదటి ఆల్బమ్ అది. అందులో కొన్ని పాటలు సీడీలో పొడవుగా, ఎల్పీలో పొట్టిగా ఉన్నాయి.

మూడునిమిషాలు:

చెవిపని గారికి ధన్యవాదాలు. మంద్రస్వరాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చేరుస్తాను. ప్రిన్స్ 1984 సింగిల్ 'వెన్ డవ్స్ క్రై'లో బాస్ గిటారు అసలు లేదు. వాద్యాలన్నీ తనే వాయించి, చివర్లో బాస్ వరుసను తీసేశారు. నృత్యానికి పనికొచ్చే పాటలో నేలను తీసేయడం లాంటిది అది. అయినా ఆ ఏడాది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆ ఖాళీని మన చెవి తనంతట తానే నింపుకుంటుంది.

అలాగే 1977 నాటి బీ జీస్ 'స్టేయిన్ అలైవ్'. డ్రమ్స్ వాద్యకారుడు అందుబాటులో లేని రోజున, అదే బృందం వేరే పాట నుంచి రెండు ఆవర్తాలు కత్తిరించి, టేపు చుట్టగా అతికించి, పాట పొడవునా తిప్పారు. నిమిషానికి వందకు కాస్త పైన ఉన్న ఆ నడక, ఆగిన గుండెకు ఛాతీ మీద ఒత్తిడి ఇవ్వవలసిన వేగంతో సరిపోతుంది. ప్రథమ చికిత్స శిక్షణలో ఆ పాటను మనసులో పాడుకోమని చెబుతారు.

ఎంపిక చేసిన పాటల సంకలనాలను ఆల్బమ్‌లుగా లెక్కించవచ్చునా అని అడుగుదామనుకున్నాను. ఇక్కడి మాటలు చదివాక అడగడం లేదు.

తొంభైలు:

1990ల తరఫున ఎవరూ రాలేదు కాబట్టి నేను వచ్చాను. సీడీలో 74 నిమిషాలు పట్టేసరికి అన్నీ నింపేయాలన్న ఆత్రం ఆ దశాబ్దంలో పెరిగింది, నిజమే. అయితే ఆ నిడివిని చక్కగా వాడుకున్నవారూ ఉన్నారు. లారిన్ హిల్ 1998 ఆల్బమ్ 'ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్'లో పాటల మధ్య ఒక తరగతి గది వినిపిస్తుంది. హాజరు పిలుపులో ఆమె పేరుకు జవాబు రాదు. తరువాత పిల్లలు ప్రేమంటే ఏమిటో మాట్లాడుకుంటుంటారు. ఆ సంభాషణ విన్న చెవితో తరువాతి పాట వింటే, ఆమె ఆ తరగతిలో లేని సమయంలో నేర్చుకున్న పాఠమే పాడుతోందని తెలుస్తుంది. ఆ మాటల ముక్కలను దాటేసి పాటలకే పోయేవారు ఉన్నారు, వారికి ఖాళీ కుర్చీ కనిపించదు.

రెండోది 1997 నాటి 'బ్వేనా విస్టా సోషల్ క్లబ్'. మాలీ దేశపు వాద్యకారులు క్యూబా వచ్చి కలిసి వాయించాలన్నది అసలు ఆలోచన. వారు రాలేకపోయారు. దాంతో హవానాలోని వయసుమళ్లిన వాద్యకారులను వెతికి పిలిచి, ఆరు రోజుల్లో రికార్డు చేశారు. పాట మానేసి బూట్లు పాలిష్ చేసుకుంటూ బతుకుతున్న ఇబ్రహీం ఫెరేర్ అలాగే వచ్చి పాడారు. ఆ గొంతులో తొందర ఎక్కడా లేదు.

నిర్వాణా 1991 ఆల్బమ్ 'నెవర్‌మైండ్'ను మాత్రం రాత్రిపూట వినేవారికి ఒక హెచ్చరికగా చెబుతున్నాను. చాలా ముద్రణల్లో చివరి పాట ముగిశాక సుమారు పది నిమిషాల నిశ్శబ్దం ఉండి, ఆ తరువాత పేరు అచ్చువేయని ఒక పాట భీకరంగా మొదలవుతుంది. నేను నిద్రలో ఉలిక్కిపడి లేచిన సందర్భమది.

వెన్నెలగీతం:

గమకం గారూ, మీ మాట విని 'కాల్ ఆఫ్ ద వ్యాలీ'ని నిన్న వరుస తప్పకుండా విన్నాను. భూప్ దగ్గరికి వచ్చేసరికి నిజంగానే దీపం వెలిగించాలనిపించింది. అహిర్ భైరవ్‌లో మీరు చెప్పిన చినుకుల చోటు దొరికింది. అంతకంటే పహాడీలో గిటారు జారుతూ వచ్చి వేణువు పక్కన ఆగే చోటు నన్ను ఎక్కువగా పట్టుకుంది.

మూడునిమిషాలు:

వెన్నెలగీతం గారి విన్నపం మన్నించి 'వాట్స్ గోయింగ్ ఆన్'ను ఈ రాత్రి మొదటి నుంచి చివరి దాకా ముక్కలు చేయకుండా విన్నాను. చివరి పాట 'ఇన్నర్ సిటీ బ్లూస్' నాకు సింగిల్‌గా ఎన్నో ఏళ్లుగా తెలుసు. కాంగా డ్రమ్ముల మీద విసిగిన గొంతు, అది సన్నబడి మాయమవడం, అంతవరకే నాకు తెలిసిన పాట. ఆల్బమ్‌లో అది అక్కడ ఆగలేదు. డ్రమ్ములు ఇంకా నడుస్తుండగానే, ముప్పై అయిదు నిమిషాల కిందట మొదటి పాటలో అమ్మను పిలిచిన ఆ బాణీ మళ్లీ వచ్చింది. అవే స్వరాలు, ఈసారి చుట్టూ చీకటి. నేను లేచి మళ్లీ మొదటి పాట పెట్టుకున్నాను.